ఫ్రిజ్‌లో ఇన్సులిన్, బ్యాగులో టీయూఈ కాగితం: ఆటగాళ్ళ మందులకు అనుమతి ఎలా తెచ్చుకోవాలి

మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు అరలో, గుడ్లు పెట్టుకునే చోట, ఇన్సులిన్ పెన్నులు ఉంటాయి. ఆ పక్క గోడ మేకుకు ఒక ప్లాస్టిక్ ఫోల్డర్ వేలాడుతుంటుంది. పెన్నుల సంగతి మా బిడ్డకు 12వ ఏటి నుంచే తెలుసు. ఫోల్డర్ సంగతి మాకు తెలియడానికి ఇంకో నాలుగేళ్ళు పట్టింది. అందులో తప్పు నాదే ఎక్కువ.

ఎందుకంటే నేను పీఈటీని. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇరవై రెండేళ్ళుగా పిల్లల్ని గ్రౌండుకు తిప్పుతున్నవాణ్ణి. డోపింగంటే కండలు పెంచే సూదులనే అనుకున్నాను. బిడ్డ 800 మీటర్లలో స్టేట్ మీట్ దాటి నేషనల్స్‌కు వెళ్ళే టైమొచ్చింది. హనుమకొండ స్టేడియం బయట టీ తాగుతుంటే ఒక కోచ్ మెల్లగా అడిగాడు: "సార్, పాప ఇన్సులిన్ తీసుకుంటది కదా, టీయూఈ పెట్టిన్రా?" టీయూఈ అంటే ఏంటని అడగడానికి సిగ్గేసి, "ఆ, చూస్తున్నం" అన్నాను. ఇంటికొచ్చాక తెలిసింది, ఇన్సులిన్ పోటీ రోజే కాదు, ఏడాది పొడుగునా నిషేధిత జాబితాలో ఉందని.

ఆ రాత్రి మా ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "పోటీలున్న నాలుగు రోజులు సూది మానేస్తే?" ఇలాంటి ఆలోచన ఎవరికైనా వస్తుంది కాబట్టి ముందు ఇదే చెప్తాను. మానకూడదు. టైప్ 1 షుగర్‌లో ఒళ్ళు తనంతట తాను ఇన్సులిన్ తయారు చేసుకోదు. సూది ఆపితే మెడల్ మాట అటుంచి, ఐసీయూలో చేరాల్సి వస్తుంది. మందు ఆపడం కాదు, మందుకు అనుమతి తెచ్చుకోవడం మన పని. ఆ అనుమతి పేరే థెరప్యూటిక్ యూజ్ ఎగ్జెంప్షన్, అందరూ వాడే మాట టీయూఈ. పాకిస్తాన్ బౌలర్ వసీం అక్రమ్, జర్మనీ టెన్నిస్ ఆటగాడు జ్వెరెవ్ టైప్ 1 షుగర్‌తోనే ఆడారు. అమెరికా ఈతగాడు గ్యారీ హాల్ జూనియర్ 1999లో షుగర్ బయటపడ్డాక కూడా 2000లో, 2004లో ఒలింపిక్ స్వర్ణాలు గెలిచాడు. ఈ ముగ్గురి పేర్లూ చెప్పాకే మా ఆవిడ ఆ రాత్రి పడుకుంది.

ఇక పని మొదలుపెడదాం. అన్నిటికన్నా ముందు, మీ మందుకు అసలు టీయూఈ కావాలో వద్దో తేల్చుకోండి. చాలామందికి అక్కర్లేదు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా ఇచ్చే నిషేధిత జాబితా ఏటా జనవరి 1 నుంచి అమల్లోకి వస్తుంది. పోయినేడు చూశాం కదా అని ఊరుకోవద్దు. నొప్పులకు వాడే ట్రమడాల్ 2023 దాకా జాబితాలో లేదు, 2024 జనవరి 1 నుంచి పోటీ సమయంలో నిషేధం. మన దేశంలో ఈ వ్యవహారమంతా చూసేది నాడా, అంటే జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ. వాళ్ళ 'నో యువర్ మెడిసిన్' యాప్‌లో మందు పేరు కొట్టి చూడొచ్చు. నేను మాత్రం పట్టీ వెనక చిన్న అక్షరాల్లో ఉండే కంపోజిషన్ ముందు చదువుతాను. బ్రాండు పేరు ఒక్కటే అయినా, చివర ఒక అక్షరం చేరితే లోపలి సరుకు మారిపోతుంది. బీపీ మాత్ర పేరు చివర 'హెచ్' ఉంటే చాలావరకు అందులో హైడ్రోక్లోరోథయజైడ్ ఉన్నట్టే. అది మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు, ఎప్పుడూ నిషేధమే.

మందు ఒక్కటి చూస్తే చాలదు. ఏ దారిన ఒంట్లోకి వెళ్తోంది, ఎంత వెళ్తోంది, ఎప్పుడు వెళ్తోంది, ఇవీ చూడాలి. ఆస్తమా పిల్లలు పీల్చే సాల్బుటమాల్ తీసుకోండి. ఇన్‌హేలర్‌తో 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు, ఏ 8 గంటల్లోనూ 600 దాటకుండా వాడితే టీయూఈ అక్కర్లేదు. మనకు దొరికే మామూలు ఇన్‌హేలర్‌లో ఒక్క పఫ్ 100 మైక్రోగ్రాములు, అంటే 8 గంటల్లో ఆరు పఫ్‌లు. అదే మందు నెబ్యులైజర్‌లో పోసే చిన్న ట్యూబులో 2.5 మిల్లీగ్రాములు, అంటే 2500 మైక్రోగ్రాములు ఉంటుంది. ఒక్కసారి పెట్టించుకున్నా లెక్క దాటింది. మాత్రగానో సిరప్‌గానో తీసుకున్నా టీయూఈ కావాలి.

స్టిరాయిడ్ల విషయంలో కంగారు ఎక్కువ. చర్మానికి పూసే ఆయింట్‌మెంట్, ముక్కులో స్ప్రే, పీల్చే స్టిరాయిడ్, వీటికి అడ్డు లేదు. ప్రెడ్నిసొలోన్ లాంటివి మింగినా, సూదిగా వేయించుకున్నా పోటీ సమయంలో నిషేధం. పోటీ సమయమంటే పోటీకి ముందురోజు రాత్రి 11:59 నుంచి మొదలు. మందు ఒంట్లోంచి పోవడానికి పట్టే రోజులు కూడా లెక్కేసుకోవాలి. కండకు వేసే ట్రయామ్సినలోన్ సూదికి వాడా చెప్పిన గడువు 60 రోజులు. షూటింగ్, ఆర్చరీ వాళ్ళకు గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్లు కూడా నిషేధం, మా రన్నింగ్ వాళ్ళకు ఆ బాధ లేదు.

మన ఊళ్ళలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం సెలైన్ బాటిల్. నీరసం అంటే చాలు, ఆర్ఎంపీ డాక్టర్ అర లీటర్ బాటిల్ తగిలిస్తాడు. అందులో ఉన్నది ఉప్పునీళ్ళే అయినా సరే, 12 గంటల్లో 100 మిల్లీలీటర్లకు మించి నరానికి ఎక్కించుకోవడం నిషేధిత పద్ధతి. ఆస్పత్రిలో జరిగే చికిత్సకు, ఆపరేషన్‌కు, పరీక్షలకు మినహాయింపు ఉంది. కిటికీ చువ్వకు తగిలించి ఇంట్లో ఎక్కించుకున్నది ఆ లెక్కలోకి రాదు. మా స్కూల్ కబడ్డీ పిల్లలకు ఈ ముక్క చెప్తే నవ్వుతారు. నవ్వినా సరే, ఏటా చెప్తూనే ఉన్నాను.

దగ్గు సిరప్ కథ అందరికీ తెలిసిందే. క్రికెటర్లు యూసఫ్ పఠాన్, పృథ్వీ షా ఇద్దరి నమూనాల్లో దొరికింది టెర్బుటలిన్ అనే నిషేధిత మందు. దగ్గు మందు వల్లే వచ్చిందని తేలినా పఠాన్‌కు 5 నెలలు, 2019లో షాకు 8 నెలలు సస్పెన్షన్ పడింది. మెడికల్ షాపులో "దగ్గుకు ఏదైనా మంచిది ఇవ్వండి" అని అడిగే అలవాటు మా ఇంట్లో ఆ ఏడాదే పోయింది.

మీ మందు నిజంగానే జాబితాలో ఉందని తేలితే, దరఖాస్తు ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. దేశం లోపల ఆడే జాతీయ స్థాయి ఆటగాళ్ళు నాడాకు పెట్టాలి. అంతర్జాతీయ స్థాయికి చేరినవాళ్ళు తమ ఆట అంతర్జాతీయ సమాఖ్యకు పెట్టాలి. ఒకే మందుకు రెండుచోట్లా పెట్టొద్దు. నాడా ఇచ్చిన టీయూఈ చేతిలో ఉండి ఆ తర్వాత విదేశాల్లో ఆడాల్సి వస్తే, దాన్ని గుర్తించమని సమాఖ్యను అడగాలి. జిల్లా సంఘానికో, రాష్ట్ర సంఘానికో ఇది ఇచ్చే అధికారం లేదు. నాకు ఒక పెద్దాయన "డాక్టర్ చీటీ జేబులో పెట్టుకోండి సార్, సరిపోతది" అని ధైర్యం చెప్పాడు. ఆయన మాట నమ్మి రెండు నెలలు ఊరికే కూర్చున్నాను. డాక్టర్ చీటీ టీయూఈ కాదు.

ఇప్పుడు అసలు విషయం, డాక్టర్ ఉత్తరం. నా మొదటి దరఖాస్తు 'అసంపూర్తి' అని వెనక్కొచ్చింది ఇక్కడే. మా డాక్టర్ లెటర్‌హెడ్ మీద రెండే వాక్యాలు రాసిచ్చారు: ఈ అమ్మాయి షుగర్‌కు నా దగ్గర చికిత్సలో ఉంది, ఇన్సులిన్ వాడుతోంది, దయచేసి తగిన చర్య తీసుకోగలరు. అబద్ధం ఒక్కటీ లేదు, కానీ పనికొచ్చేదీ ఏమీ లేదు. ఫైలు చూసేది కనీసం ముగ్గురు డాక్టర్ల కమిటీ. వాళ్ళు మన బిడ్డను చూడరు, మన ముఖం చూడరు. మనం కళ్ళనీళ్ళు పెట్టుకున్నా వాళ్ళకు కనపడదు. వాళ్ళ ముందు ఉండేది కాగితమే. ఆ కాగితంలో వాళ్ళు నాలుగు ప్రశ్నలకు జవాబు వెతుకుతారు, నాలుగింటికీ దొరకాలి.

జబ్బు ఉందని పరీక్షల్లో తేలిందా? మందు వల్ల మామూలు ఆరోగ్యం తిరిగి రావడమే కాకుండా, అంతకుమించి ఆటలో లాభం వస్తుందా? ఈ జబ్బుకు ఇది సరైన చికిత్సేనా, దీని బదులు నిషేధం లేని మందు ఏదీ లేదా? ఇంతకుముందు అనుమతి లేకుండా నిషేధిత మందు వాడటం వల్లే ఇప్పుడు ఈ అవసరం వచ్చిందా?

రెండోసారి నేను ఓపీ టైములో వెళ్ళలేదు. బయట యాభై మంది కూర్చుని ఉండగా ఏ డాక్టరైనా రెండు వాక్యాలే రాస్తారు. మధ్యాహ్నం రెండు దాటాక, ఓపీ ఖాళీ అయ్యాక వెళ్ళాను. ఈ నాలుగు ప్రశ్నలనూ తెల్లకాగితం మీద రాసుకుని, పాత ఫైలంతా సంచిలో వేసుకుని వెళ్ళాను. మేడం చదివి, "ఇట్ల కావాలని ముందే చెప్పొచ్చు కదండి" అన్నారు. నిజమే, చెప్పలేదు. ఈసారి వచ్చిన ఉత్తరం ఒకటిన్నర పేజీ. జబ్బు ఏ తేదీన బయటపడింది, ఏ స్థితిలో ఆస్పత్రిలో చేరింది, అప్పుడు షుగర్ ఎంత, కీటోన్లు ఎంత, ఇవన్నీ ఉన్నాయి. సీ-పెప్టైడ్ పరీక్షలో ఒంట్లో ఇన్సులిన్ తయారీ దాదాపు లేదని తేలడం, టైప్ 1 అని చెప్పే యాంటీబాడీ రిపోర్టు, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష గత రెండేళ్ళ అంకెలు కూడా చేరాయి. మెట్‌ఫార్మిన్ లాంటి నిషేధం లేని మాత్రలు టైప్ 1లో ఇన్సులిన్‌కు బదులు కావని ఒక వాక్యం విడిగా రాశారు. మూడో ప్రశ్నకు జవాబు అదే. మా మేడం షుగర్ స్పెషలిస్టు. మీరు చూపించుకునేది మామూలు డాక్టర్ దగ్గరైతే, ఈ ఉత్తరం కోసమైనా ఒకసారి ఆ జబ్బు స్పెషలిస్టును కలవండి. మీది ఆస్తమా అయితే ఊపిరి ఊదించే స్పైరోమెట్రీ పరీక్ష, మందు పీల్చక ముందు, పీల్చిన తర్వాత రెండు అంకెలూ ఉన్న రిపోర్టు పెట్టండి.

రిపోర్టుల గురించి ఒక చిన్న మాట. ల్యాబుల్లో కొన్ని రిపోర్టులు థర్మల్ కాగితం మీద వస్తాయి, ఏడాదిలో అక్షరాలు మాయమవుతాయి. మా బిడ్డ మొదటి అడ్మిషన్ తాలూకు ఒక స్లిప్పు అలాగే తెల్లగా మిగిలింది. వచ్చిన రోజే జిరాక్స్ తీయండి. డిశ్చార్జ్ సమ్మరీ పోతే ఆస్పత్రి రికార్డుల గదిలో ఐపీ నంబరు చెప్పి అడగండి, రెండు మూడుసార్లు తిరగాల్సి రావచ్చు.

ఫారం నింపేటప్పుడు బ్రాండు పేరు కాదు, మందు అసలు పేరు రాయాలి. మాకు గ్లార్జిన్, అస్పార్ట్ రెండు రకాల ఇన్సులిన్, రెండూ విడివిడిగా రాయాలి. ఒక్కోదానికి మోతాదు, చర్మం కిందకు సూది అన్న దారి, రోజుకు ఎన్నిసార్లు, ఎంత కాలం, ఇవన్నీ ఉండాలి. ఇన్సులిన్ మోతాదు తిండిని బట్టి, పరుగును బట్టి రోజూ మారుతుంది. అందుకని ఒకే అంకె కాకుండా 'భోజనానికి ముందు 4 నుంచి 8 యూనిట్లు' అన్నట్టు హద్దులతో రాయించాం. డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం, తేదీ చూసుకోండి. ఆటగాడి సంతకం వేరే ఉంటుంది. 18 లోపు పిల్లలైతే తల్లిదండ్రుల సంతకం కూడా. చేతిరాత డాక్టర్ రాతలా ఉంటే కంప్యూటర్ సెంటర్లో టైప్ చేయించండి, యాభై రూపాయల పని.

పోటీకి కనీసం 30 రోజుల ముందు పెట్టాలి. కమిటీ మామూలుగా 21 రోజుల్లో నిర్ణయం చెప్పాలి, కానీ ఆ లెక్క ఫైలు పూర్తిగా అందినప్పటి నుంచే. ఒక్క రిపోర్టు తక్కువైనా గడియారం మొదలవదు. నా టెన్షన్ అంతా ఆ మూడు వారాల్లోనే. 'దరఖాస్తు పెట్టాం కదా' అంటే అనుమతి వచ్చినట్టు కాదు, జవాబు వచ్చేదాకా మనకు రక్షణ లేదు. పంపిన మెయిలు, వచ్చిన మెయిలు రెండూ ప్రింట్ తీసి దాచాను.

ఇదంతా రహస్యంగా ఉంటుందా అని చాలామంది తల్లులు అడుగుతారు, ముఖ్యంగా ఆడపిల్లల తల్లులు. పెళ్ళి సంబంధాల భయం ఒకటి ఉంటుంది కదా. ఫైలు చూసే డాక్టర్లు దాన్ని గోప్యంగా ఉంచాలి, టీయూఈ ఉందని ఊరంతా చెప్పక్కర్లేదు. మా అనుభవం మాత్రం వేరు. క్యాంపు హాస్టల్లో పక్క మంచం అమ్మాయి ఇన్సులిన్ పెన్ను చూసి, "అది సూదులు పొడుచుకుంటది" అని ప్రచారం చేసింది. రెండు రోజులు ఎవరూ మాట్లాడలేదట. మూడో రోజు మా బిడ్డే భోజనాల దగ్గర అందరి ముందూ గ్లూకోమీటర్‌తో వేలు గుచ్చుకుని, 286 అంకె చూపించి, పెన్ను తీసుకుంది. ఆ తర్వాత ఆ పక్క మంచం పిల్లే రాత్రిళ్ళు బిస్కెట్లు దాచిపెట్టడం మొదలుపెట్టింది. చెప్పాలా దాచాలా అన్నది మీ పిల్లల ఇష్టానికి వదిలేయండి.

టీయూఈ వచ్చాక చాలామంది పేరు, ముద్ర చూసి మురిసిపోయి బీరువాలో పెట్టేస్తారు. చదవండి. ఏ మందు, ఎంత, ఏ దారిన, ఏ తేదీ దాకా, ఏమైనా షరతులు ఉన్నాయా? ఆ హద్దులకే అనుమతి. మందు మార్చినా, మోతాదు దాటినా మళ్ళీ రాయాలి. గడువు తనంతట పెరగదు. మా ఆవిడ గ్యాస్ సిలిండర్ వచ్చిన తేదీలు రాసుకునే క్యాలెండర్‌లో, గడువుకు మూడు నెలల ముందు ఎర్ర పెన్నుతో గీత పెడుతుంది. ఇంకోటి, ఈ అనుమతి ఆ మందుకే. జిమ్ములో ఎవరో ఇచ్చిన ప్రోటీన్ డబ్బాలో ఏదో కలిసి ఉంటే టీయూఈ ఆదుకోదు.

ముందుగా అడిగే వీలే లేకపోతే? రాత్రి ఒంటిగంటకు ఆస్తమా ముదిరి క్యాజువాలిటీలో స్టిరాయిడ్ సూది వేశారనుకోండి. ప్రాణం ముందు. వేయించుకోండి. ఇలాంటి అత్యవసరాలకు తర్వాత అడిగే టీయూఈ ఉంది. ఇంటికి వెళ్ళే ముందు మాత్రం ఆస్పత్రి నుంచి ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకు, ఎందుకు ఇచ్చారో రాయించుకోండి. ఆలస్యం చేయకుండా పంపండి. అయితే 'మర్చిపోయాం' అన్నది అత్యవసరం కిందికి రాదు.

కాదన్నారంటే కారణం రాసి పంపుతారు. తగ్గిన ఆధారం ఏదో చూసి, కొత్త రిపోర్టుతో మళ్ళీ పెట్టొచ్చు, అప్పీలు కూడా ఉంది. నేను రెండోసారికే గట్టెక్కాను కాబట్టి అప్పీలు దాకా పోలేదు.

ఆ ఏడాది నేషనల్స్‌లో మా బిడ్డ ఐదో స్థానంలో వచ్చింది. ట్రాక్ దిగేసరికి డోప్ టెస్టుకు పిలిచారు. మైనర్ కాబట్టి తోడుగా కోచ్ వెళ్ళాడు, నేను బయట. నమూనాకు కనీసం 90 మిల్లీలీటర్ల మూత్రం కావాలి, 800 పరిగెత్తి ఒళ్ళంతా చెమటైన పిల్లకు అది ఎక్కణ్ణించి వస్తుంది? దాదాపు రెండు గంటలు పట్టింది. మధ్యలో షుగర్ 68కి పడిపోతే, పక్కనే ఉన్న మహిళా సిబ్బంది ఎదుటే కిట్ బ్యాగులోంచి గ్లూకోజ్ తీసి తింది. సీలు తీయని నీళ్ళ బాటిల్ తనే ఎంచుకుంది. గత 7 రోజుల్లో వాడిన మందులు రాసే చోట గ్లార్జిన్, అస్పార్ట్, రెండు పారాసెటమాల్ అని రాసి, టీయూఈ జిరాక్స్ ఇచ్చింది. అధికారి ఆ టీయూఈ నంబరును ఫారంలో ఎక్కించుకుని, బిడ్డ కాపీ బిడ్డకు ఇచ్చారట.

బయటికొచ్చి నన్ను చూడగానే అడిగింది: "నాయనా, తినడానికి ఏమన్న తెచ్చినవా?"